తోడంటు

ముద్దు పెట్టుకుంటారా, వారానికి ఎన్నిసార్లు?
ఫారంలో పదిహేడో ప్రశ్న.
తల వంచుకుని గబగబా చదివేసేదాన్ని,
పెన్ను మూత కొరుక్కుంటూ.

స్వనేతి కొండల్లో ఆ ఊరికి
మంచు కరిగితేనే దారి.
వీపున ఐసు పెట్టె, భుజాన ఖాళీ డబ్బాల సంచి.
"తిబిలిసి నుంచి ఇంత దూరం
మా దొడ్డికి మోసుకుపోవడానికా వచ్చావు, పిల్లా!"
రాతి బురుజు నీడలో ఆడవాళ్ళు
కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

దారేజాన్ ఒక్కతే నవ్వకుండా అడిగింది.
"ముద్దంటే ఏది లెక్క?
ఆయన కొరికిన పండు నేను తినడం లెక్కా?
పులుసులో ఉప్పు చూసిన గరిటె
అట్లాగే నా నోటికందిస్తాడు, అది?
ఇంట్లో గ్లాసు ఒకటే.
రెండోది పెళ్ళిరోజునే పగిలింది,
నలభై ఆరేళ్ళుగా కొందామనే అనుకుంటున్నాం. రాసుకో."
గడిలో పట్టలేదు. అంచున రాశాను.
గుమ్మంలో కత్తి నూరుతున్న ఒటియా
తలెత్తకుండా అన్నాడు:
"ఏడు వెయ్యి.
ఎనిమిదంటే మీవాళ్ళు నమ్మరు."

పక్కింటి జంట చదువుకున్నవాళ్ళు.
ప్రతి ప్రశ్నకీ పొందికగా జవాబు చెప్పారు.
రోజూ, అన్నారు,
ఒకరు కిటికీ వైపు, ఒకరు పొయ్యి వైపు చూస్తూ.

పేగులో పురుగులది ఒకే జాతి పేరే,
యాస మాత్రం ఇంటింటికీ వేరు.
ల్యాబులో నా పని ఆ యాసలు పోల్చడం.
పక్కింటి ఇద్దరి మధ్యా కలిసిన మాట దాదాపు లేదు.
ఒకే కప్పు కింద రెండు పరాయి ఊళ్ళు.
ఆమె యాస మాత్రం
తేనెపట్లు పెంచే ముర్మాన్ కడుపులో స్పష్టంగా వినిపించింది.
గీత కారణం చెప్పదు.
ఒకే ఊట నీళ్ళు కావచ్చు,
ఎవరింటి చావుభోజనంలోనో తుంచుకున్న ఒకే రొట్టె కావచ్చు.
పేర్లుండవు, నంబర్లే, అదీ నియమం.
నిద్రపోయే మనిషికి దుప్పటి లాగినట్టు
ఫైలు మూశాను.

పోలిక కోసం నాదీ ఒక డబ్బా ఇచ్చి ఉన్నాను.
రాత్రి డ్యూటీలు, ప్యాకెట్ నూడుల్స్,
దగ్గొచ్చినప్పుడల్లా అయిదు రోజుల మాత్రలు,
ఎవరి ఎంగిలీ ఎరగని నోరు.
నా గీత ఎవరి గీతకీ అంటలేదు.
సగం వీధుల్లో దీపాలారిన పట్నం.

మరుసటేడు వెళ్ళేసరికి
కత్తి గోడకుంది, ఒటియా లేడు.
పదిహేడో ప్రశ్న దగ్గర నా గొంతు ఆగింది.
"సున్నా వెయ్యి," అంది దారేజాన్.
గేటు దాకా వచ్చి మళ్ళీ,
"గ్లాసు అదే, అది కూడా రాశావా?"

ఆమె డబ్బా తెర మీదికొచ్చిన రాత్రి
బయట వాన, లోపల ఫ్రిజ్ రొద.
అప్పటి ఒటియాని, ఇప్పటి దారేజాన్‌ని
పక్కపక్కన పెట్టాను.
పదకొండు యాసలు.
అవే.
మనిషి మట్టిలో కలిసి ఎనిమిది నెలలు,
వేల తరాలు పుట్టి చచ్చి పుట్టి
ఇంకా అతని మాటే మాట్లాడుతున్నాయి.
అతనిదో, ఆమెదో.
మొదట ఎవరిచ్చారో ఎవరు పుచ్చుకున్నారో
నాకు తెలిసిన ఏ యంత్రమూ విప్పలేదు.

చెప్పకూడదు.
మళ్ళీ మంచు కరిగాక, సెలవు పెట్టి వెళ్ళి చెప్పాను.
ఏడుస్తుందనుకున్నాను.
పొట్ట మీద అరచెయ్యి ఆనించి
కాసేపు విన్నది.
"అందుకా ఈ ముసలాడు
అర్ధరాత్రి గుడగుడలాడతాడు!
బీన్స్ వద్దంటే బతికున్నప్పుడూ వినలేదు."

బయల్దేరేటప్పుడు ఒక సీసా ఇచ్చింది,
అడుగున రెండు చెంచాల మాత్సోని.
ఆమె పెళ్ళికి అత్తగారిచ్చిన తోడంటు,
పాలు మారాయి, ఆవులు మారాయి, అది మారలేదట.
మినీబస్సులో పది గంటలు
ఒళ్ళో పిల్లిలా పట్టుకుని కూర్చున్నాను.

గోరువెచ్చని పాలలో కలిపి
నా మఫ్లర్ చుట్టి పెట్టాను.
తెల్లారేసరికి తోడుకుంది.
చెంచాతో తిని, నాకి,
అదే చెంచా మళ్ళీ గిన్నెలో ముంచాను,
ల్యాబులో నేర్చిందంతా మరిచి.
ఎవరైనా వస్తే ఉంటుందని
రెండో చెంచా తీశాను.
కాసేపు చూసి
సొరుగులో పెట్టేశాను.